ఆరు పట్ల ఆట వెంట యార్క్‌షైర్‌లో కొన్ని రోజులు

మా చెల్లెలు వాళ్ళు ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌లో ఇల్లు కొనుక్కుని నాలుగేళ్ళయింది. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా కుదరలేదు, పోయిన ఆగస్టులో కుదిరింది. అందరిలాగే లండన్, లేక్ డిస్ట్రిక్ట్ చూసొద్దామనే బయల్దేరాను, చూశాను కూడా. కానీ తిరిగొచ్చాక మనసులో మిగిలిపోయింది అవి కాదు, ఒక ఆట. రగ్బీ లీగ్. ఆ ఆట పుట్టిన ఊళ్ళ వెంట నాలుగు రోజులు తిరిగాను, దాని గురించే ఇది.

మొదలైంది పెరట్లో. మా మేనకోడలికి పదకొండేళ్ళు, దగ్గర్లోని అమ్మాయిల జట్టులో ఆడుతుంది. నేను వెళ్ళిన సాయంత్రం కోడిగుడ్డు లాంటి బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి, అదే పని. కంచె అవతలి నుంచి పక్కింటి పెద్దాయన "ముందు లేచి నిలబడు, తర్వాత బంతి, తొందరపడకు" అని కేకేస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. సొంతూరు ఫెదర్‌స్టోన్, బొగ్గుగని ఊరు. 1985లో గని మూసేసేదాకా అందులోనే పనిచేశాడట. నేను డిగ్రీ దాకా కబడ్డీ ఆడినవాణ్ణని మా బావ చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. 1990ల మొదట్లో ఛానెల్ 4లో కబడ్డీ చూపించేవారట, ఆయన వదలకుండా చూసేవాడట! "ఊపిరి పట్టుకుని వెళ్ళి ముట్టుకుని వస్తారే, అదేగా" అన్నాడు. మాకిద్దరికీ స్నేహం కుదరడానికి ఆ ఒక్క మాట చాలింది.

రగ్బీ అంటే మనవాళ్ళలో చాలామందికి ఒకటే ఆట. నిజానికి రెండున్నాయి. పదిహేను మంది ఆడేది యూనియన్, పదమూడు మంది ఆడేది లీగ్. ఆ రెండూ ఎందుకు విడిపోయాయో చూపిస్తానని మర్నాడు పెద్దాయన మమ్మల్ని రైలెక్కించి హడర్స్‌ఫీల్డ్ తీసుకెళ్ళాడు.

స్టేషన్ బయటికి రాగానే పెద్ద చౌరస్తా, వెనక్కి తిరిగి చూస్తే స్టేషన్ ముఖం గ్రీకు గుడిలా ఎత్తైన స్తంభాలతో ఉంటుంది, ముందు మాజీ ప్రధాని హెరాల్డ్ విల్సన్ విగ్రహం. అవన్నీ దాటించి ఆయన చూపించింది పక్కనున్న జార్జ్ హోటల్ భవనం. 1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లాండ్ రగ్బీ క్లబ్బుల పెద్దలు ఇందులోనే కూర్చుని, లండన్ పెద్దల రగ్బీ యూనియన్‌లో ఇక ఉండబోమని తేల్చుకున్నారు. గొడవంతా ఆరు షిల్లింగుల మీద. ఇక్కడి ఆటగాళ్ళు మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవాళ్ళు. శనివారం కూడా పనిదినమే, ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలికి బదులు క్లబ్బు కొంత ఇస్తే తప్పేమిటని వీళ్ళు అడిగారు, అలా ఇస్తే ఆట డబ్బుపాలవుతుందని 1893లోనే లండన్‌లో తోసిపుచ్చారు. కూలికి లోటు లేనివాళ్ళకు ఆ మాట అనడం తేలికే. విడిపోయిన క్లబ్బులు నార్తర్న్ యూనియన్ అని పేరు పెట్టుకుని రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వడం మొదలుపెట్టాయి. అటువైపు పోయిన ఆటగాణ్ణి యూనియన్ వాళ్ళు జీవితాంతం వెలేసేవారు. చివరికి ఆ యూనియన్ కూడా డబ్బులిచ్చి ఆడించడానికి ఒప్పుకుంది, ఎప్పుడంటే 1995 ఆగస్టులో, సరిగ్గా వందేళ్ళకి.

ఆ చౌరస్తాలో బెంచీ మీద కూర్చుని పెద్దాయన చెప్పిన ఒక మాట మిగతా ప్రయాణమంతా నాకు తాళంచెవిలా పనికొచ్చింది. ఆటగాళ్ళకు డబ్బివ్వాలంటే అది గేటు దగ్గర జనం ఇవ్వాలి, జనం ఇవ్వాలంటే ఆట వాళ్ళకు కనపడాలి. బంతి పదిమంది కాళ్ళ కింద నలుగుతూ పావుగంట కనపడకపోతే వారమంతా గనిలో పనిచేసి వచ్చినవాడు టిక్కెట్టు ఎందుకు కొంటాడు? అందుకే విడిపోయిన రెండేళ్ళకే, 1897లో, బంతి గీత దాటితే రెండు వరసలు కట్టి గాల్లోకి విసిరే లైన్‌అవుట్ తీసేశారు. గోల్, అంటే బంతిని పోస్టుల మధ్య నుంచి తన్నడం, ఏ రకంగా కొట్టినా రెండే పాయింట్లన్నారు, అంతకుముందు నాలుగొచ్చే గోల్ కూడా ఉండేది. గీత అవతల బంతిని నేలకు తాకించే ట్రైకి మూడు. అంటే కాలితో కొట్టేదానికన్నా చేత్తో పట్టుకుని పరిగెత్తేదానికి విలువ.

అయినా సరిపోలేదు. తొలి సీజన్ గెలిచిన మానింగ్‌హామ్ అనే బ్రాడ్‌ఫర్డ్ క్లబ్బు 1903లో ఏకంగా రగ్బీ వదిలేసి ఫుట్‌బాల్‌కి మారిపోయి బ్రాడ్‌ఫర్డ్ సిటీ అయింది. ఛాంపియనే వెళ్ళిపోతే మిగతావాళ్ళకు ఎంత టెన్షన్ పట్టుకుని ఉంటుంది! 1906లో పెద్ద మార్పు చేశారు. జట్టుకు పదిహేను మంది బదులు పదమూడు మంది. మైదానం అంతే, మనుషులు తక్కువ, అంటే పరిగెత్తడానికి ఖాళీ. ఇంకోటి, పట్టుబడ్డవాడు లేచి నిలబడి బంతిని నేలమీద పెట్టి కాలితో వెనక్కి దొర్లించి ఆట కొనసాగించాలి. దాన్నే ప్లే ద బాల్ అంటారు. మా మేనకోడలు పెరట్లో చేస్తున్నది అదే. నూట ఇరవై ఏళ్ళ కిందటి నిబంధనని మా పిల్ల సాక్సులు తడుపుకుంటూ సాధన చేస్తోందని అప్పుడు తెలిసి నాకు ఒళ్ళు పులకరించింది.

మూడో రోజు మా బావ కారు తీశాడు. ముందు బ్రాడ్‌ఫర్డ్‌లోని ఆడ్సల్. పాత గుంతను ఊరి చెత్తతో కొంత నింపి, ఏటవాలు గట్లు కట్టి 1934లో తెరిచిన మైదానం, పైనుంచి చూస్తే పెద్ద మూకుడులా ఉంటుంది. 1954లో ఛాలెంజ్ కప్ (ఓడినవాళ్ళు ఇంటికి పోయే పోటీ) ఫైనల్ రీప్లే ఇక్కడ జరిగింది, వారింగ్టన్‌కీ హాలిఫాక్స్‌కీ. లెక్కల ప్రకారం వచ్చిన జనం 1,02,569 మంది. పెద్దాయన తండ్రి వాళ్ళలో ఒకడు, మనుషుల తలలు తప్ప బంతి కనపడలేదని చెప్పేవాడట. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన మొదటి ఫైనల్ 4-4తో సమం. ట్రైకి మూడు, గోల్‌కి రెండు కాబట్టి 4-4 అంటేనే ఒక్క ట్రై కూడా పడలేదని అర్థం, చెరి రెండు గోల్స్. ఆడ్సల్‌లో వారింగ్టన్ 8-4తో గెలిచింది, అంటే హాలిఫాక్స్ నూట అరవై నిమిషాలు ఆడి ఒక్క ట్రై చేయలేదు.

ఎందుకలా? అప్పట్లో పట్లకు లెక్క లేదు కాబట్టి. (ట్యాకిల్‌ని నేను పట్టు అనే అంటున్నాను, కబడ్డీ ఆడినవాడికి వేరే మాట నోటికి రాదు.) ఒక జట్టు చేతికి బంతి వచ్చిందంటే ఎన్నిసార్లు పట్టుబడినా వాళ్ళదే, లేచి దొర్లించడం, మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ పట్టు. చేయి జారితే తప్ప, ఎదుటివాడు దొర్లించే క్షణంలో కాలితో లాగేసుకుంటే తప్ప బంతి మారదు. రెండు పాయింట్ల ఆధిక్యం వస్తే మిగతా సమయమంతా దాచుకుని కూర్చోవచ్చు. కబడ్డీలో ఇలాంటి రోగం మనకూ తెలుసు, కూతకెళ్ళినవాడు బోనస్ గీత దాకా కూడా పోకుండా మధ్యగీత దగ్గరే తిరిగి వచ్చేయడం. దానికి ప్రో కబడ్డీలో మందు కనిపెట్టారు కదా, వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేవాలి లేదా అవుట్. నేనిది చెప్తుంటే పెద్దాయన కారు సీటులో వెనక్కి తిరిగి "అదే, అచ్చం అదే!" అని నా చేయి పట్టుకున్నాడు. 1966లో ఇక్కడ నాలుగు పట్ల నిబంధన తెచ్చారు. నాలుగు అయ్యేలోపు ఏదో ఒకటి చేయాలి, లేదంటే స్క్రమ్, అంటే రెండు జట్లవాళ్ళూ ఒంగి ఒకరినొకరు నెట్టుకుంటూ మధ్యలో వేసిన బంతి కోసం పోటీపడడం. మరుసటి ఏడాది సిడ్నీలోనూ అమలైంది. అక్కడ సెయింట్ జార్జ్ అనే జట్టు 1956 నుంచి 1966 దాకా వరసగా పదకొండు టైటిళ్ళు గెలిచింది, నిబంధన మారిన ఏడాదే ఆ వరస తెగింది. నాలుగు మరీ తక్కువై హడావిడిగా బంతి తన్నేస్తున్నారని తర్వాత ఆరు చేశారు, ఆస్ట్రేలియాలో 1971లో, ఇంగ్లాండ్‌లో 1972లో. ఇప్పటికీ ఆరే.

ఫెదర్‌స్టోన్ చిన్న ఊరు. పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే చివర వచ్చేస్తుంది. అలాంటి ఊరి జట్టు 1983లో వెంబ్లీ ఫైనల్లో హల్‌ని 14-12తో ఓడించి కప్పు తెచ్చింది. మైదానం గేటు ముందు నిలబడి పెద్దాయన ఆ సంగతి చెప్తున్నప్పుడు గొంతు కొంచెం మారింది. రెండేళ్ళలో గని పోయింది. పదేళ్ళకు, 1995లో, టీవీ డబ్బుతో సూపర్ లీగ్ అనే పెద్ద జట్ల పోటీ పెడుతూ ఫెదర్‌స్టోన్, కాసిల్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్ జట్లు మూడిటినీ కలిపేసి ఒకే జట్టు చేస్తామన్నారు. జనం వీధుల్లోకి వచ్చి వద్దన్నారు, ఆగింది. గని పోయినప్పుడు ఏమీ చేయలేకపోయాం, జట్టునైనా పోనివ్వలేదు అన్నాడాయన.

అక్కడికి దగ్గర్లోనే షార్ల్‌స్టన్. డాన్ ఫాక్స్ పుట్టిన ఊరు. ఆ పేరు ఈ చుట్టుపక్కల తెలియనివాడు లేడు. 1968 ఛాలెంజ్ కప్ ఫైనల్, లీడ్స్, వేక్‌ఫీల్డ్ ట్రినిటీ. పెద్దాయనకు అప్పుడు పదమూడేళ్ళు, తండ్రితో కలిసి వెంబ్లీ వెళ్ళాడు. వాన కుండపోత, మైదానం చెరువు, ఆటగాళ్ళు పరిగెత్తడం మాని జారుతున్నారు. చివరి నిమిషంలో వేక్‌ఫీల్డ్ ట్రై చేసింది, స్కోరు 11-10, లీడ్స్ ఒక్క పాయింటు ముందు. ఆ ట్రై తర్వాత గోల్ కొట్టే అవకాశం ఉంటుంది, అది కొడితే కప్పు వేక్‌ఫీల్డ్‌ది. గోల్ పోస్టులకు ఎదురుగా, చిన్నపిల్లాడైనా కొట్టే దూరం. కొట్టాల్సింది డాన్ ఫాక్స్, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడని అప్పటికే ఎంపికైపోయాడు. నీళ్ళలో కాలు జారింది, బంతి పక్కకు పోయింది. ఆయన అక్కడే తడి నేలమీద కూలిపోయాడు. పెద్దాయన, తండ్రీ ఇద్దరూ బస్సులో ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టక ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. లీడ్స్ ఒక ట్రై, నాలుగు గోల్స్: మూడూ ఎనిమిదీ పదకొండు. వేక్‌ఫీల్డ్ రెండు ట్రైలు, రెండు గోల్స్: ఆరూ నాలుగూ పది. 1983లో ట్రైని మూడు నుంచి నాలుగు పాయింట్లు చేశారు. ఇప్పటి లెక్కన లీడ్స్‌కి పన్నెండు, వేక్‌ఫీల్డ్‌కీ పన్నెండు. ఆ తన్ను పక్కకు పోయాక కూడా మ్యాచ్ సమం! ఓడిపోవడం కాదు, ఇంకా ఆడాల్సి ఉండేది. ట్రై విలువ ఒక్కటంటే ఒక్క పాయింటు ముందే పెరిగి ఉంటే ఆ మనిషి జీవితం వేరేలా ఉండేది కదా అనిపించి మనసు బరువెక్కింది. పొద్దున్నే కంచె దగ్గర పెద్దాయనకు కాగితం ఇచ్చాను. చాలాసేపు చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మా నాన్న ఉంటే చూపించేవాణ్ణి అన్నాడు.

నాలుగో రోజు కొండలు దాటి లాంకషైర్ వైపు, విగన్. అప్పటికి నా మనసులో ఒక అభిప్రాయం గట్టిపడిపోయింది, పట్లకు లెక్క లేని పాత ఆట ఉత్త బోరు, కొత్త నిబంధనలే దాన్ని బతికించాయని. విగన్ నడిబొడ్డున బిల్లీ బోస్టన్ విగ్రహం ముందు అది కాస్త కదిలింది. కార్డిఫ్ రేవు దగ్గర పుట్టిన నల్లజాతి కుర్రాడు, 1953లో విగన్‌కి వచ్చి ఆ ఒక్క క్లబ్బుకే 478 ట్రైలు చేశాడు. అందులో ఎక్కువ భాగం ఆ లెక్క లేని రోజుల్లోవే! 2025లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు, రగ్బీ లీగ్ ఆటగాడికి అది రావడం అదే మొదటిసారి, అప్పటికి ఆయనకు తొంభై దాటాయి. అంతకాలం ఎందుకు ఆగారని అడిగితే పెద్దాయన, ఉత్తరాది ఆట కదా అని మాత్రం అన్నాడు. కాబట్టి పాత ఆటంతా మందకొడి అనడం న్యాయం కాదు. దాచుకునేవాళ్ళూ ఉన్నారు, పరిగెత్తేవాళ్ళూ ఉన్నారు. ఆయన ఆడిన సెంట్రల్ పార్క్ మైదానం ఇప్పుడు లేదు, ఆ చోట టెస్కో సూపర్‌మార్కెట్ ఉంది. అక్కడే కారాపి పాలు, బ్రెడ్డు కొన్నాం. పెద్దాయన లోపలికి రాలేదు.

నిబంధనల్లో సందు దొరికితే వాడుకున్నవాళ్ళ కథ కూడా ఇక్కడే విన్నాను. 1966 ఛాలెంజ్ కప్ ఫైనల్, సెయింట్ హెలెన్స్, విగన్. స్క్రమ్‌లో బంతిని కాలితో లాగే హుకర్ అనే ఆటగాడు విగన్‌కి ఆ రోజు సరైనవాడు లేడు, ఉన్నవాడిపై నిషేధం ఉంది. అప్పటి నిబంధన ప్రకారం పెనాల్టీ వచ్చినవాళ్ళు బంతిని గీత బయటికి తన్నితే తర్వాత స్క్రమ్. అలెక్స్ మర్ఫీ నాయకత్వంలో సెయింట్ హెలెన్స్ ఏం చేసిందంటే, కావాలనే ఆఫ్‌సైడ్‌లో, అంటే ఉండకూడని చోట, నిలబడింది. విగన్‌కి పెనాల్టీ, గీత బయటికి తన్ను, స్క్రమ్, స్క్రమ్‌లో బంతి సెయింట్ హెలెన్స్‌ది. తప్పు చేసినవాడికే బంతి. 21-2తో గెలిచారు. ఆ తర్వాత నిబంధన మార్చేశారు, బయటికి తన్నినవాళ్ళే కాలితో తాకించి ఆట మొదలుపెట్టేలా. చాలా నిబంధనల వెనక ఇలాంటి ఒక తెలివైన మనిషి ఉంటాడు.

ఆ రాత్రే హెడింగ్లీలో మ్యాచ్. మన క్రికెట్ టెస్టులు చూసినవాళ్ళకు ఆ పేరు తెలుసు. క్రికెట్ మైదానం, రగ్బీ మైదానం పక్కపక్కనే, మధ్యలో ఒకే స్టాండు, అటు కూర్చుంటే క్రికెట్, ఇటు కూర్చుంటే రగ్బీ. 1897లో మొట్టమొదటి ఛాలెంజ్ కప్ ఫైనల్ ఇక్కడే జరిగింది, బాట్లీ 10-3తో సెయింట్ హెలెన్స్‌ని ఓడించింది. పెద్దాయన చిన్నప్పుడు ఇది చలికాలం ఆట, మోకాలి లోతు బురద. 1996లో సూపర్ లీగ్‌తో పాటు వేసవికి మార్చారు. నేను చూసిన మైదానం ఎండకు గట్టిపడి ఉంది, ఆ నేలమీద ఆ పరిగెత్తే వేగం టీవీలో తెలియదు. దొర్లించేచోటు నుంచి ఎదుటి జట్టు పది మీటర్లు వెనక్కి పోయి నిలబడాలి, ఒకప్పుడు ఐదే. ఆ పది మీటర్లలో వంద కిలోల మనిషి ఊపందుకుని వచ్చి గుద్దుకుంటుంటే మా స్టాండు దాకా చప్పుడు వినపడింది. ఐదో పట్టు పడగానే చుట్టూ జనం సర్దుకుని కూర్చుంటారు, ఇప్పుడు గాల్లోకి తన్నుతాడా, నేలబారుగా తన్నుతాడా, సాహసం చేసి పరిగెత్తుతాడా అని. 1983 నుంచి ఆరో పట్టుతో బంతి ఎదుటివాళ్ళకు ఇచ్చేయాలి, స్క్రమ్ లేదు. 2020 నుంచి, పట్టినవాడు లేవనీయకుండా ఆలస్యం చేస్తే రిఫరీ చేత్తో సైగ చేసి లెక్క మళ్ళీ మొదటికి తెస్తాడు, ఆట ఆగదు. ఇంత వేగంలో పొట్టివాడికి చోటుంటుందా అనుకుంటాం కదా. రాబ్ బరో అని 5 అడుగుల 5 అంగుళాల మనిషి ఈ లీడ్స్ జట్టుకు ఎనిమిది గ్రాండ్ ఫైనల్స్ (సూపర్ లీగ్ విజేతను తేల్చే మ్యాచ్‌లు) గెలిచిపెట్టినవాళ్ళలో ఒకడు. అలసిన పెద్ద మనుషుల మధ్య సందుల్లోంచి దూసుకుపోయేవాడట. మోటార్ న్యూరాన్ వ్యాధితో 2024 జూన్‌లో పోయాడు. ఆయన బొమ్మ ఉన్న చొక్కాలు ఆ రోజు కూడా చాలామంది వేసుకున్నారు.

నాకు నచ్చనిది ఒకటుంది. దొర్లించే బంతిని ఎదుటివాడు కాలితో లాగే హక్కు 1990ల్లో తీసేశారు, స్క్రమ్‌లో పోటీ దాదాపు లేదు. అది ఇప్పుడు ఊపిరి తీసుకోవడానికి ఆరుగురు ఆరుగురు ఒంగి నిలబడడమే. పట్టుబడ్డాక కూడా పెనుగులాట మిగిలి ఉండడంలోనే కదా కబడ్డీ ప్రాణం. పెద్దాయనదీ అదే బాధ. కానీ తలకు దెబ్బల విషయంలో మాత్రం ఆయన పాతకాలాన్ని వెనకేసుకురాలేదు. తనతో ఆడినవాళ్ళలో ఇద్దరికి ఇప్పుడు భార్య పేరు గుర్తుండడం లేదట. 2024 నుంచి తలకు తగిలితే కార్డులు విపరీతంగా చూపిస్తున్నారని జనం గొణుగుతుంటే, గొణగనీ అన్నాడు.

తిరుగు ప్రయాణం ముందు రోజు సాయంత్రం మళ్ళీ పెరట్లోనే. నన్ను కూతకు రమ్మని మేనకోడలు పట్టుబట్టింది. "కబడ్డీ కబడ్డీ" అంటూ వెళ్ళాను, నడుం దగ్గర చుట్టేసి పడగొట్టింది. పెద్దాయన కంచె దాటి వచ్చి, మా రోజుల్లో ఇలా అంటూ భుజాల మీదుగా చేయి వేసి చూపించబోయాడు. "అలా పట్టకూడదు, మా కోచ్ చంకల కిందే పట్టమంది" అంది పిల్ల. ఆయన చేయి దించి, ఒక మోకాలు నేలకు ఆన్చి, సరే ఎక్కడ పట్టాలో నువ్వే చూపించమన్నాడు.